సంకేతం మోసేవాళ్లు

సెమఫోర్ అంటే గ్రీకు మూలంలో సంకేతం మోసేది. పేరొకటే, వేషాలెన్నో: నావికుడి చేతి జెండాలు, పట్టాల పక్క స్తంభానికి లేచి వాలే చెయ్యి, కంప్యూటర్లో డైక్‌స్ట్రా పెట్టిన కాపలా.

2004 డిసెంబర్ 26న సునామీ అండమాన్, నికోబార్ దీవుల మీద పడ్డప్పుడు ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఉంది. ప్రపంచంలోని తోటి హామ్‌లతో ముచ్చట్లాడేందుకు తెచ్చుకున్న సెట్లే ఆత్మీయుల క్షేమ సమాచారం మోశాయి. అభిరుచి ఆపద్బంధువైంది.

2020 ఆగస్టులో చెన్నై నుంచి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ వచ్చింది. సంతోషమే. అలాగని హామ్ సెట్లను అటకెక్కించొద్దు. సముద్రానికి కేబుల్ అంటే భయం లేదు.