వెనక సీటు కూడా చూసి కొనండి

పిల్లలు చదువులకో ఉద్యోగాలకో హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోయాక, ఇంటి అప్పు ఆఖరి వాయిదా కట్టేశాక, ఈమధ్య చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ నోట ఒక మాట వస్తోంది. "ఒక బండి తీసుకుందామనుకుంటున్నా." బండి అంటే స్కూటరు కాదు. కూరగాయలకి వెళ్ళే స్కూటరు గుమ్మంలో ఉండనే ఉంది. ఆయనకి కావలసింది గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, తళతళలాడే సైలెన్సరు ఉన్న పాతకాలం బండి. పాతది కాదు, పాతదానిలా కనిపించే కొత్తది. రెట్రో అంటున్నారు దాన్ని.

దీనికి మన దగ్గర మూడు జవాబులుంటాయి. ఒకటి నవ్వేయడం. రెండోది "ఈ వయసులో ఎందుకండీ, నడుం పట్టేస్తుంది" అనడం. మూడోది "మీ ఇష్టం" అని వంటింట్లోకి వెళ్ళిపోవడం. నన్నడిగితే ఆ మూడోదే అన్నిటికన్నా చెడ్డ జవాబు. ఆ బండి మీద రేపు మనమూ కూర్చుంటాం. సగం బరువు మనదైనప్పుడు సగం మాట కూడా మనదే కావాలి కదా.

పిల్లలు స్థిరపడ్డాక వానప్రస్థం అన్నారు పెద్దలు. ఇప్పటివాళ్ళు అడవికైనా బండి మీదే వెళ్తామంటున్నారు, అంతే తేడా. అందులో నవ్వడానికి ఏమీ లేదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ కోరిక నిన్న మొన్న పుట్టింది కాదు. మా కశింకోట హైవే మీది ఊరు. ఇక్కడ పెరిగినవాళ్ళకి బళ్ళ చప్పుడు అమ్మ పిలుపంత అలవాటు. మా చిన్నతనంలో బుల్లెట్ అంటే ఎస్సై గారిది, లేకపోతే అనకాపల్లి బెల్లం మార్కెట్లో బాగా సంపాదించినవాళ్ళది. యాంపియర్ మీటరు ముల్లు సరైన చోటికి తెచ్చి, డీకంప్రెషన్ లివరు నొక్కి, ఒంటి బరువంతా వేసి కిక్కు కొడితేగాని కదిలేది కాదు. సరిగ్గా కొట్టకపోతే కిక్కు రాడ్డు తిరిగి తన్నేది. ఎజ్డీ బండిదైతే ఇంకో వింత: కిక్కు రాడ్డునే ముందుకి వంచితే అదే గేరు రాడ్డు అయ్యేది. కుర్రాళ్ళు ఆ విద్య రానివాళ్ళని చూసి నవ్వేవాళ్ళు. ఆ ఎజ్డీలు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

అలాంటి బళ్ళు నడిపిన కుర్రాళ్ళే ఇప్పుడు మన మొగుళ్ళు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నలుగురు పట్టాలి కాబట్టి బండి అమ్మి స్కూటరు కొన్నారు, తరవాత కారు కొన్నారు. ఏ ఇంట్లో అడిగినా ఆ బండి ఎందుకు అమ్మారో చెప్తారు: బిడ్డ పుట్టినప్పుడనో, స్కూలు ఫీజుకనో, అత్తగారు భయపడ్డారనో. అంటే ఆ బండి ఇంటి కోసమే వెళ్ళిపోయింది. ఇంటికి ఇక దానితో పని లేనప్పుడు మళ్ళీ అడుగుతున్నాడు. ఇందులో అత్యాశ నాకు కనిపించడం లేదు.

అయితే, తిరిగి వచ్చే మనిషి పాతికేళ్ళ కుర్రాడు కాదు. తిరిగి వచ్చిన బండీ పాత బండి కాదు. గొడవంతా ఇక్కడే ఉంది.

ఈ పాత రూపాల వ్యాపారం మన దేశంలో గట్టిగా నిలబడింది 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు క్లాసిక్ తెచ్చాకే. 2018లో జావా పేరు తిరిగి వచ్చింది, 2020లో హోండా హైనెస్ వచ్చింది, 2022లో ఎజ్డీ పేరు కూడా మళ్ళీ రోడ్డెక్కింది. అదే ఏడాది ఎన్‌ఫీల్డ్ హంటరు, టీవీఎస్ రోనిన్ వచ్చాయి. పైకి తాతల కాలంలా ఉంటాయిగాని లోపల అంతా ఈనాటిదే. బటన్ నొక్కితే స్టార్టు అవుతాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారిపోకుండా చూసే ఏర్పాటు. తిరిగి వచ్చేవాళ్ళకి ఇది పెద్ద వరం. అందుకే నిజంగా పాత బుల్లెట్ వెతికి కొని బాగుచేయిస్తానంటే మాత్రం నేను వద్దంటాను. ముచ్చటకి ఇంట్లో పెట్టుకోవచ్చు, రోజూ ఎక్కడానికి మాత్రం కొత్తదే మేలు.

ఆ కొత్తదాంట్లోనూ ఒక చిక్కుంది. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ఇప్పటి బళ్ళన్నిటికీ దీనికి పూర్తిగా తిరగేసి: గేరు ఎడమ పక్క, మొదటిది కిందికి, మిగతావి పైకి, బ్రేకు కుడికాలికి. తీరిగ్గా నడిపేటప్పుడు బుర్ర గుర్తుపెట్టుకుంటుంది. గేదె అడ్డొచ్చినప్పుడు బుర్రకి సమయం ఉండదు, కాలు దాని అలవాటు ప్రకారం పోతుంది. ముప్పై ఏళ్ళ కిందట బుల్లెట్ మీద నేర్చుకున్న కాలు బ్రేకు అనుకుని గేరు తొక్కుతుంది. అందుకని పాత బుల్లెట్ నడిపినవాళ్ళు మొదటి రెండు వారాలు ఖాళీ మైదానంలో ఒంటరిగా తిప్పాలి. "నాకు రాదా? నేను బుల్లెట్ మీద అరకు వెళ్ళొచ్చినవాణ్ణి" అంటారు. ఆ అరకు వెళ్ళిన కాలే మనకి భయం.

ఇక బరువు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. మనకి తెలిసిన లెక్కలో చెప్తాను: నిండు గ్యాస్ బండ సుమారు ముప్పై కిలోలు ఉంటుంది. అంటే ఆరున్నర గ్యాస్ బండలు. హంటరు, హైనెస్ రెండూ 181 కిలోల దగ్గర ఉంటాయి. రోనిన్ 160. మన స్కూటర్లేమో నూట పది లోపే. రోడ్డు మీద పరుగెడుతున్నప్పుడు ఈ బరువు తెలియదు, పైగా బండి నిలకడగా ఉందనిపిస్తుంది. తెలిసేది ఇంటి దగ్గరే. కాలవ మీద పలకలు, గేటు దగ్గర ఏటవాలు, లోపల తులసికోట, పక్కన స్కూటరు. ఆ సందులోంచి ఆరున్నర బండల్ని వెనక్కి లాగాలి. బండి ఒక పక్కకి ఒరగడం మొదలైతే ఆపే బలం ఇరవై ఏళ్ళప్పుడు భుజానిది. ఇప్పుడు ఆ బరువు మోకాలి మీదా నడుం మీదా పడుతుంది.

కాబట్టి షోరూములో ఆయన తాళం చేతికి తీసుకోగానే స్టార్టు చెయ్యనివ్వకండి. ముందు ఇంజను ఆపి ఉన్న బండిని పదడుగులు వెనక్కి నెట్టమనండి. సెంటరు స్టాండు ఉంటే ఒకసారి వేసి తియ్యమనండి. కూర్చుంటే రెండు అరికాళ్ళూ నేలకి ఆనాలి, మునివేళ్ళు కాదు. ఇదంతా అయ్యాక చప్పుడు విని మురిసిపోవచ్చు. క్లాసిక్ మీద మోజుపడి వెళ్ళినాయన హంటరు నెట్టి చూశాక మనసు మార్చుకుంటే అందులో చిన్నతనం ఏమీ లేదు.

షుగరు ఉన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, మన ఇళ్ళల్లో అది లేనివాళ్ళు తక్కువ. ఎక్కువ కాలం షుగరు ఉంటే అరికాళ్ళకి స్పర్శ తగ్గుతుంది. బ్రేకు మీద ఎంత నొక్కుతున్నామో చెప్పాల్సింది ఆ అరికాలే. కళ్ళ పరీక్షతోపాటు ఇది కూడా డాక్టరు గారి చేత చూపించుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

ఇప్పుడు మన సీటు. అందం కోసం వెనక సీటు చిన్నది చేసిన బళ్ళున్నాయి, అసలు లేకుండా చేసినవీ ఉన్నాయి. బొమ్మలో బాగుంటాయి. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు, చక్రంలో బట్ట చిక్కుకోకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసి ఉంది. ఆ అడ్డునే మనం శారీ గార్డు అంటాం. బండి అందం పాడవుతుందని దాన్ని ఊడదీయించేవాళ్ళున్నారు, వాళ్ళని ఏమనాలో తెలియదు. చీర కొంగు, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో మనూళ్ళలో అందరికీ తెలుసు.

గార్డు ఉన్నా సరే, పక్కకి తిరిగి కూర్చోవడం మానేయమనే నా సలహా. ఒక పక్కకే బరువు పడితే, చాలా ఏళ్ళ తరవాత బండి పట్టినవాళ్ళకి మలుపుల్లో చెయ్యి తిరగదు. చుడీదారు వేసుకుని రెండు పక్కలా కాళ్ళు వేసుకుంటే ఆయనకీ సులువు, మనకీ క్షేమం. అత్తగారి ముందు ఎలా అంటారా? పడితే కట్టు కట్టించుకోవాల్సింది అత్తగారు కాదు. టెస్ట్ రైడ్ కూడా ఇద్దరూ కలిసే చెయ్యండి. షోరూమువాళ్ళు ఆయన్ని బండెక్కించి, మనల్ని సోఫాలో కూర్చోబెట్టి కూల్ డ్రింకు ఇస్తారు. వద్దనండి.

డబ్బు మాట క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40 అయింది. ఈ వయసుకి 350 దాటి వెళ్ళాల్సిన పనే లేదు కాబట్టి సర్కారు లెక్కా మన లెక్కా ఒకటే అయ్యాయి. మిగిలిన డబ్బుతో ఐఎస్ఐ గుర్తు ఉన్న మంచి హెల్మెట్లు రెండు కొనండి. రెండు అన్నాను.

ఇంతసేపూ మగవాళ్ళ కోరిక అనే రాశాను. అది సగం కథ. మనలోనూ నాన్న రాజ్‌దూత్ మీద పొలం గట్లలో నేర్చుకున్నవాళ్ళున్నారు. అన్నయ్య చూడకుండా బండి తీసి తిప్పినవాళ్ళున్నారు. పెళ్ళి అయిన రోజుతో ఆ విద్య అక్కడే ఆగిపోయింది. మగవాడు తిరిగి బండెక్కుతానంటే దాని పేరు సరదా. ఆడది అంటే "ఈ వయసులో ఇదేం పిచ్చి" అంటారు. 2021లో 'బుల్లెట్టు బండి' పాటకి పెళ్ళికూతుళ్ళు చిందులేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పెళ్ళికూతురి తల్లి హ్యాండిలు పట్టుకుంటానంటే ఎందరు కొడతారో మీకు తెలుసు.

మీలో ఎవరికైనా ఆ కోరిక ఉంటే బీరువా అడుగున ఉన్న లైసెన్సు కార్డు ముందు బయటికి తియ్యండి. స్కూటీ కోసం తీసుకున్నదైతే అందులో గేర్లు లేని బండి అనే ఉంటుంది, దాంతో మోటారు సైకిలు నడపకూడదు. లెర్నింగ్ లైసెన్సు తీసుకుని, నెలరోజులాగి, గేరు బండి మీద పరీక్ష ఇవ్వాలి. గడువు తేదీ కూడా చూడండి. గడువు దాటి ఏడాది పైనైతే మళ్ళీ పరీక్ష తప్పదు. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సర్టిఫికెట్ అదనం. ఎత్తు తక్కువ వాళ్ళకి ఎన్‌ఫీల్డ్ మీటియోరు సీటు 765 మిల్లీమీటర్లే, కాళ్ళు నేలకి అందుతాయి. బరువు మాత్రం 191 కిలోలు, అది మర్చిపోకండి. బరువు మోయలేం అనుకుంటే రోనిన్ లాంటిది చూడండి.

బండి వచ్చాక మొదటిరోజే హైవే ఎక్కి విశాఖ వెళ్ళాలనిపిస్తుంది. లారీల మధ్య ఆ ముచ్చట వద్దు. తెల్లవారుజామున చెరుకు తోటల మధ్య రోడ్లున్నాయి, శంకరం బొజ్జన్నకొండ ఉంది. చెయ్యి తిరిగాక, చలికాలం మొదలయ్యాక, తాళ్ళపాలెం దగ్గర హైవే వదిలి నర్సీపట్నం మీదుగా లంబసింగి.

మా ఇంట్లో ఇంకా బేరం నడుస్తోంది. బండి హంటరు దగ్గర ఆగింది, ఇద్దరం నెట్టి చూశాం. రంగు తేలలేదు. ఆయన నలుపంటున్నారు. ముందు లైసెన్సు ఎవరికి వస్తే వాళ్ళు చెప్పిన రంగు అని నేనన్నాను.