శాలువా కప్పాం, మైకు లాక్కున్నాం

ఈసారి ఆవకాయ గురించీ కాదు, పిల్లల కచేరీ ఫోటోలూ కాదు. కాస్త కోపంగా రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను. కోపం మొదట నా మీద, ఆ తరవాత మన చుట్టాలందరి మీద.

కొన్నేళ్ల క్రితం హూడిలో మా అపార్ట్‌మెంట్‌లో ఆగస్టు 15 పండగ. జెండా ఎగరేశాక మా పెదనాన్నగారిని "మన మధ్యనే ఉన్న వీర సైనికుడు" అంటూ వేదిక మీదికి పిలిచారు. ఆయన మద్రాస్ సాపర్. 1971 డిసెంబరులో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీసిన వాళ్లలో ఒకరు. శాలువా కప్పారు, మొక్క ఇచ్చారు, మైకు ఇచ్చారు. "పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా రెండు మాటలు, అంకుల్" అన్నారు. ఆయన చాలా నెమ్మదిగా మొదలుపెట్టారు. "చలికి వేళ్లు మొద్దుబారిపోయేవండీ. చేతిలో చువ్వ ఉందో లేదో తెలిసేది కాదు. నా పక్కన బోర్లా పడుకుని మట్టిలో చువ్వ గుచ్చుతున్న కుర్రాడొకడున్నాడు, తమిళ కుర్రాడు. వాడు తిరిగి రాలేదు. వాడి పేరు చెప్తాను, ఊరు కూడా చెప్తాను, మీరు గుర్తుపెట్టుకోవాలి..."

అంతలో ఆ కార్యక్రమం నడిపే అమ్మాయి నవ్వుతూ మైకు అందుకుంది. "థాంక్యూ సో మచ్ అంకుల్, నెక్స్ట్ మన చిన్నారుల డాన్స్!" చప్పట్లు. పెదనాన్నగారు నోరు తెరిచి ఉండగానే స్పీకర్లలో పాట మొదలైపోయింది.

ఆ అమ్మాయిని అనడం లేదు. ఆ డాన్సులో మా పిల్లది ముందు వరసలో ఉంది, నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు వీడియోలు నా దగ్గర 11 ఉన్నాయి. పెదనాన్నగారిది 40 సెకన్లు, అదీ శాలువా కప్పుతున్నప్పటిది. ఇంటికొచ్చాక అడగొచ్చు కదా అనుకున్నాను. మనందరికీ ఉన్న జబ్బే ఇది, ఇంట్లో ఉన్న మనిషి ఎక్కడికి పోతాడులే అని.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ పేర్లు తిరిగి రాలేదు. పక్కన ఒక కుర్రాడు ఉన్నాడని తెలుసు, చెయ్యి ఎలా కదిపేవాడో చేసి చూపిస్తారు, పేరు దగ్గరికొచ్చేసరికి పెదవులు వణికి ఆగిపోతాయి.

"దానికేముంది, రెజిమెంటు వాళ్ల దగ్గర జాబితా ఉంటుంది కదా" అన్నాడు మా బావ. ఉంటుంది. చనిపోయినవాళ్ల పేర్లు సైన్యం దగ్గర ఉంటాయి. కానీ ఆ పేర్లలో మా పెదనాన్నగారి పక్కన పడుకున్నవాడు ఎవరు? అది ఏ జాబితాలోనూ ఉండదు. కాగితం పేరుని దాస్తుంది, మనిషిని దాచేది పక్కవాడి నోరే. రెండూ కలిస్తేనే జ్ఞాపకం. "ఆర్కైవ్స్‌లో అన్నీ ఉంటాయి" అనేవాళ్లతోనూ, "కాగితాలెందుకు, కథలు చెప్పుకుంటే చాలు" అనేవాళ్లతోనూ నా తగువు ఇదే.

బసంతర్ అనగానే చదువుకున్నవాళ్లకి గుర్తొచ్చేది సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్, ఆయన ట్యాంకు, 21 ఏళ్లకే పరమవీర చక్ర. రావాల్సిందే. కానీ మందుపాతరలు నిండిన ఆ నేలలో ట్యాంకులకి దారి చేసింది 9 ఇంజనీర్ రెజిమెంట్, అంటే మన మద్రాస్ సాపర్లు. అందులో మేజర్ విజయ్ రత్తన్ చౌదరికి చనిపోయాక మహావీర చక్ర ఇచ్చారు. మిగతావాళ్లు పింఛను పుస్తకాలు పట్టుకుని ఇళ్లకొచ్చారు. కొందరు మన ఇళ్లకే వచ్చారు. ఆ దారి ఎలా చేశారో చెప్పగలిగిన మనిషి మన హాల్లో సోఫా మీద కూర్చుని సీరియల్ చూస్తుంటే, మనం యూట్యూబ్‌లో యుద్ధం వీడియోలు వెతుక్కుంటాం.

మనం ఉంటున్న ఊరినే చూడండి. బెంగళూరు అనే పేరుకి దొరికిన పాత ఆధారాల్లో ఒకటి బేగూరు నాగేశ్వర గుడిలో ఉంది, సుమారు 890 నాటి వీరగల్లు. ఏదో రాజు విజయం గొప్పగా చెప్పుకున్న శాసనం కాదది. బెంగళూరు యుద్ధంలో బుట్టణసెట్టి అనేవాడు చనిపోయాడని చెప్పే రాయి. ఊరి పేరు మనదాకా వచ్చిందే చచ్చిపోయిన ఒక మనిషి పేరుని ఎవరో చెక్కించబట్టి. పదకొండు వందల ఏళ్ల కిందట చేసినపాటి పని మనం క్లౌడ్ స్టోరేజీ పెట్టుకుని కూడా చెయ్యలేకపోతున్నాం.

పేరు చెక్కకపోతే ఏమవుతుందో చూడాలంటే ఇరాక్‌లోని బస్రా స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో పోయి, సమాధి తెలియని 40 వేల పైచిలుకు మందిది. ఆంగ్ల సైనికులకి పేర్లు చెక్కారు, భారతీయ అధికారులకి చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకి మాత్రం పటాలం పేరు కింద ఒక అంకె. "ఇంకా ఇంతమంది" అని, అంతే. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తన నివేదికలోనే ఈ వివక్షని ఒప్పుకుంది. భారతీయులు, ఆఫ్రికావాళ్లు, మరికొందరు కలిపి కనీసం 1,16,000 మందిని పేరుతో గుర్తుపెట్టుకోలేదట, ఆ లెక్క 3,50,000 దాకా వెళ్లొచ్చట. తెల్లదొరలు మనల్ని అంకెలు చేశారని మండిపడతాం, సబబే. మరి పెదనాన్నగారి చేతిలోంచి మైకు లాక్కున్నది ఏ దొర?

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1971 యుద్ధం మీద తూర్పు కమాండ్‌లో ఉండాల్సిన కాగితాలు చాలావరకు నాశనమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. మనం గెలిచిన యుద్ధం కాగితాలు! ఆ తరవాత 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం తెచ్చింది, యుద్ధం ముగిసిన 5 ఏళ్లలోపు చరిత్ర కూర్చాలి, రికార్డుల్ని మామూలుగా 25 ఏళ్లకి బయటపెట్టాలి అని. మంచిదే. కానీ అది ఆఫీసు కాగితాల సంగతి. మొద్దుబారిన వేళ్ల సంగతి ఏ ఆఫీసు ఫైల్లో రాస్తారు?

చేసినవాళ్లు చేస్తున్నారు. లాహోర్ మ్యూజియంలో దాదాపు వందేళ్లు పడున్న పంజాబు సైనికుల రిజిస్టర్లని ఇంగ్లండ్‌లో ఉన్న పంజాబీలు, గ్రీనిచ్ యూనివర్సిటీ కలిసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 3,20,000 మంది వివరాలు, ఊరూరి లెక్కన. లండన్‌లో టాక్సీ నడిపే మనవడు తాత ఊరి పేరు కొట్టి తాతని వెతుక్కోవచ్చు. వాళ్లూ మనలాగే ఊరొదిలి వచ్చినవాళ్లే కదా. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000 నుంచి మాజీ సైనికుల మాటలు దాస్తోంది. వాళ్ల నియమం, రికార్డింగు 30 నిమిషాలకి తగ్గకూడదు. మనం ఇచ్చింది రెండు మాటలు.

ఇక అసలు గొడవ. మా ఇంట్లోనే ఒకాయన, పెద్దవారు కాబట్టి ఎవరని చెప్పను, "రాస్తే రాయి గానీ దేశభక్తితో చేరాడని రాయి" అన్నారు. పెదనాన్నగారు ఎన్నోసార్లు చెప్పిన మాట వేరు. "తిండికి వెళ్లానురా. ఇంట్లో ఆరుగురం. సైన్యంలో మూడు పూటలా పెడతారన్నారు." ఇది రాస్తే పరువు పోతుందట! ఎవరి పరువు? ఆకలికి వెళ్లిన మనిషి మందుపాతరల మధ్య బోర్లా పడుకుని ముందుకి పాకాడంటే నాకు ఆయన ఇంకా పెద్దవాడిగా కనిపిస్తున్నారు. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని అందరం మిలటరీ మాధవరం అంటాం. "ఇంటికో సైనికుడు" అని గర్వంగా చెప్పుకుంటాం, అక్కడితో ఆపేస్తాం. ఆ ఇంటాయన ఏ దేశంలో ఏం తిన్నాడు, దేనికి భయపడ్డాడు, తిరిగొచ్చాక రాత్రుళ్లు ఎందుకు లేచి కూర్చునేవాడు, అవి అడగం. వీరుడిని చేసేస్తే ఇంక అడగక్కర్లేదు. శాలువా అందుకే చాలా సుఖంగా ఉంటుంది మనకి.

బెర్లిన్‌లో ఒక గొంతు ఉంది. మొదటి యుద్ధంలో జర్మన్లకి చిక్కిన మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయిది, 1916 డిసెంబరులో రికార్డు చేశారు. వాళ్ల భాషల పరిశోధన కోసం చేశారు, ఆయన మీద ప్రేమతో కాదు. ఆయన చెప్పింది ఏ పోరాటం గురించీ కాదు. ఇంటి దగ్గర వెన్న తినేవాడినని, ఇంటికి వెళ్లిపోవాలని ఉందని. నిమిషం పైచిలుకు. వందేళ్ల తరవాత వింటున్నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దేశభక్తి ప్రసంగం చేయించి ఉంటే ఎవరు వినేవారండీ ఇప్పుడు?

పైగా యుద్ధం అంటే తుపాకీ పట్టినవాళ్లదే అనుకోవడం ఒకటి. మా మామ్మది రంగూన్. బర్మాలో కోరంగీలు అనేవారు మనవాళ్లని. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తరవాత నెలల్లో లక్షల మంది భారతీయులు నడిచి, పడవలెక్కి పారిపోయి వచ్చారు, వేలకి వేలు దారిలోనే పోయారు. మామ్మకి అప్పుడు పన్నెండేళ్లు. ప్రోం మీదుగా టాంగప్ కనుమ దాటి వచ్చారు. తమ్ముడు దారిలో పోయాడు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ వరసగా చెప్పలేదు, పప్పులో ఉప్పు ఎక్కువైన రోజున మాత్రం చెప్పేది. "మా అమ్మ కొంగున ముడేసుకున్న ఉప్పు రాయి నాకిచ్చి వాడికివ్వలేదు" అని. కాకినాడ చేరారో లేదో, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. మామ్మకి ఏ మెడల్ ఉంది, ఏ పటాలం నంబరు ఉంది? ఆ తమ్ముడి పేరు ఏ రాతి మీదా లేదు. మామ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఆవిడ గొంతు ఒక్క క్యాసెట్ మీద కూడా లేదు. మా పెళ్లి క్యాసెట్లు మాత్రం నాలుగున్నాయి.

"వయసు మీద పడితే తప్పులు చెప్తారు" అంటారు. చెప్తారు. తేదీలు కలిపేస్తారు, పక్కవాడికి జరిగింది తమకి జరిగిందంటారు. అందుకే కాగితం కావాలి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఆర్డరు, ఉత్తరాలు, ఫోటో వెనక రాసిన రెండు ముక్కలు. మాట తప్పితే కాగితం పట్టుకుంటుంది, కాగితం దాచినచోట మాట చెప్తుంది. పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటినా కారెంపూడిలో ఏటా వీరుల తిరనాళ్లకి వీరవిద్యావంతులు ఇప్పటికీ ఆ కథ పాడుతున్నారు. అందులో అతిశయోక్తి లేదా? ఉంది. అందుకని వినడం మానేశామా?

కాబట్టి అడగండి. మైకు, వేదిక అక్కర్లేదు. ఫోను టేబుల్ మీద పెట్టి, పక్కన కాఫీ పెట్టి, "అప్పుడు ఏం తినేవారు?" అని మొదలుపెట్టండి. "యుద్ధం ఎలా ఉండేది?" అంటే మాత్రం ఉపన్యాసం వస్తుంది. సగం ఫౌజీ హిందీ, సగం తమిళం, మధ్యలో గోదావరి యాస వస్తే రానివ్వండి, పిల్లలకి అర్థం కాదని దిద్దొద్దు. ఏడిస్తే ఆపండి, ఇంకో రోజు కూర్చోండి. చెప్పనంటే బలవంతం వద్దు. కాగితాలకి లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి పాడైపోతాయి. ఫోటో తీసి, కాపీలు ఇద్దరు ముగ్గురు చుట్టాల ఇళ్లలో పెట్టండి. ఒరిజినల్స్ ఇచ్చేద్దామనుకుంటే, సాపర్ల కుటుంబాలకి హలసూరు చెరువు పక్కన ఎం.ఈ.జి. సెంటర్లో వాళ్ల మ్యూజియం ఉంది. హూడిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా హలసూరులో దిగొచ్చు. ఐటీ పార్కు ట్రాఫిక్ అనే సాకు కూడా లేదు.

నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. చనిపోయిన సాపర్ల పేర్లు కొన్ని సంపాదించాను. ఆదివారం ఆదివారం పెదనాన్నగారి పక్కన కూర్చుని ఒక్కొక్కటే చదువుతున్నాను, ఆయన మొహం చూస్తూ. నాలుగు వారాలైంది. రెండు పేర్ల దగ్గర తల ఎత్తారు, మళ్లీ అడ్డంగా ఊపారు.

ఇంకొకటి, కాకినాడలో ఉన్న మా చిన్నత్తయ్య పిల్లలకి. మామ్మ రంగూన్ ట్రంకుపెట్టె ఇంకా మీ అటక మీదే ఉందని, ఇల్లు ఫ్లాట్లకి ఇస్తున్నారని విన్నాను. పాత సామానువాడికి ఇచ్చెయ్యొద్దు, తాళం కూడా పగలగొట్టొద్దు. సంక్రాంతికి నేనే వస్తున్నాను.