తొందరకు చందా కట్టాలా?

పోయిన రమజాన్ నెలలో ఒక సాయంత్రం. ఇఫ్తార్‌కు ఇంకా నాలుగైదు నిమిషాల వ్యవధి ఉంది. దస్తర్‌ఖాన్ పరిచి, ఖర్జూరాలు, పండ్ల ముక్కలు సర్దుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చిన ఆ కుర్రవాడికి ఇరవై ఏళ్లు దాటి ఉండవు. వీపున పెద్ద సంచి, చేతిలో చిన్న పొట్లం. "చాచా, ఓటీపీ చెప్పండి" అన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "రోజా ఉన్నావా బేటా?" అని అడిగితే తలూపాడు. అంతలోనే మసీదు నుంచి అజాన్ వినవచ్చింది. లోపలికి వచ్చి కూర్చోమన్నాం. "ఇంకా పద్నాలుగు ఇళ్లున్నాయి చాచా" అంటూ గడప దగ్గరే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పొట్లం విప్పి చూస్తే అందులో ఉన్నది 149 రూపాయల ఫోన్ కవరు. తెప్పించినది మా రెండోవాడు. పాత కవరు బాగానే ఉంది కదా అని అడిగితే, "డెలివరీ ఫ్రీయే కదా అబ్బా, రేపే వస్తుందంటే పెట్టాను" అన్నాడు. వాడిలో దురుద్దేశం ఏమీ లేదు. అయినా ఆ రాత్రి తరావీహ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మా ఆలోచన ఆ కుర్రవాడి ఎండిన పెదవుల చుట్టూనే తిరిగింది. ఆ కవరు రేపే రావలసిన అవసరం ఎవరికుంది? అసలు ఆ "ఫ్రీ"కి మేము ఎంత కట్టాం?

చందా ఎలా మొదలైందంటే...

నిజానికి ఆ సభ్యత్వాన్ని మేము కోరి తీసుకోలేదు. ఒక సంస్థ వారు నెల రోజులు ఉచితమంటే మా పెద్దవాడు మా ఖాతాతో చేరాడు. నెల గడిచింది. తేదీ ఎవరికీ గుర్తులేదు. ఒక ఉదయం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఏడాది చందా జమ చేసుకున్నట్టు. తేదీ రాసిపెట్టుకోకపోవడం మా తప్పే. పోనీ, కట్టిన డబ్బు ఎలాగూ కట్టాం, వాడుకుందాం అనుకున్నాం. అసలు కథ అక్కడే మొదలైంది.

ఈద్ తర్వాత ఒకరోజు పద్దు పుస్తకం ముందు పెట్టుకుని, ఫోన్లో ఉన్న పాత ఆర్డర్లన్నీ ఒక్కొక్కటిగా రాశాం. సభ్యత్వం లేని ముందటి ఏడాది మా ఇంటికి వచ్చిన పార్సెళ్లు 17. సభ్యత్వం ఉన్న ఏడాదిలో 41. ఈ 41లో నిజంగా ఒకటి రెండు రోజుల్లో కావలసి వచ్చినవి ఆరే ఆరు: అమ్మీజాన్ బీపీ మిషను, పాప స్కూలు పుస్తకం, మిక్సీ జారు వంటివి. పద్నాలుగు వస్తువులు లేకపోయినా మాకు ఏ లోటూ ఉండేది కాదు. వాటి ఖరీదు మొత్తం కూడితే నాలుగు వేల రూపాయలు దాటింది.

మరి డెలివరీ ఖర్చు ఎంత మిగిలింది? చాలా సంస్థలు ఒక నిర్ణీత మొత్తం దాటిన ఆర్డరుకు సభ్యత్వం లేకపోయినా డెలివరీ ఖర్చు అడగవు. మా 41 ఆర్డర్లలో 22 ఆ మొత్తం దాటినవే. మిగిలినవి 19. ఒక్కోదానికి 40 రూపాయలు వేసుకున్నా 760 రూపాయలు. మేము కట్టిన చందా అంతకంటే చాలా ఎక్కువ. ఆదా చేస్తున్నామనుకుంటూనే చందాలో కొంత, అక్కరలేని వస్తువుల్లో అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకున్నామన్నమాట.

ఇరవై ఏళ్ల నాటి ఆలోచన

ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. 2005 ఫిబ్రవరిలో అమెజాన్ సంస్థ "ప్రైమ్" పేరుతో అక్కడ ఈ సభ్యత్వం ప్రారంభించింది. ఏడాదికి 79 డాలర్లు కడితే ఎన్ని వస్తువులు తెప్పించుకున్నా రెండు రోజుల్లో అదనపు ఖర్చు లేకుండా ఇంటికి చేరుస్తామన్నది ఒప్పందం. 2022 నాటికి ఆ చందా 139 డాలర్లయింది. మన దేశానికి ప్రైమ్ 2016 జూలైలో వచ్చింది. ప్రారంభ ధర 499 రూపాయలు. 2017లో అది 999 అయింది. 2021 డిసెంబరులో 1,499 అయింది. అంటే ఐదేళ్లలో మూడింతలు. మొదట అలవాటు చేయడం, తర్వాత ధర పెంచడం వ్యాపారంలో పాత సూత్రమే.

నెలవారీగా కట్టేవారి పరిస్థితి మరీ ఆలోచించదగ్గది. 2023 ఏప్రిల్‌లో నెల చందాను 299 రూపాయలు, మూడు నెలల చందాను 599 రూపాయలు చేశారు. నెలకు 299 చిన్న మొత్తంగానే కనిపిస్తుంది. పన్నెండు నెలలు కడితే 3,588 రూపాయలు. మూడు నెలలకొకసారి కడితే ఏడాదికి 2,396. ఒకేసారి పెద్ద మొత్తం తీయలేని కుటుంబమే ఎక్కువ కడుతోందన్నది గమనార్హం. సినిమాలు, సీరియళ్లు ఇందులో కలిపి ఇస్తున్నారు కదా అంటారు కొందరు. నిజమే. కానీ 2025 జూన్ నుంచి మన దేశంలో వాటి మధ్య ప్రకటనలు కూడా వస్తున్నాయి. అవి వద్దనుకుంటే దానికి మళ్లీ వేరే రుసుము.

1,499 చందాను 40 రూపాయల డెలివరీ ఖర్చుతో భాగించి చూడండి. ఉచిత డెలివరీ పరిమితికి లోపల ఉండే చిన్న ఆర్డర్లు ఏడాదికి 38 ఉంటేనే చందా గిట్టుబాటు. వీడియోలు లేకుండా షాపింగ్‌కు మాత్రమే పరిమితమైన 399 రూపాయల చందా కూడా ఒకటుంది. దానికైతే పది ఆర్డర్లు చాలు. ఈ రేట్లు మారుతూనే ఉంటాయి కనుక కట్టే ముందు చూసుకోవాలి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. ఒక్కటే జాగ్రత్త. చందా కట్టాక ఎన్ని తెప్పిస్తామన్న ఊహతో లెక్క వేయకూడదు. చందా లేని ఏడాదిలో ఎన్ని తెప్పించామన్నదే అసలు లెక్క.

ఎవరికి అవసరం?

ఈ సభ్యత్వం ఎవరికీ పనికిరాదని చెప్పడం మా ఉద్దేశం కాదు. అడుగు బయట పెట్టలేని వృద్ధులు, మంచం పట్టిన రోగి ఉండి, బజారుకు వెళ్లే మనిషి లేని ఇళ్లున్నాయి. ఇంట్లోనే కుట్టుపని, మగ్గం పని చేసుకుంటూ దారాలు, లేసులు, పూసలు వారానికి రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా తెప్పించుకునే మన అక్కచెల్లెళ్లున్నారు. గల్ఫ్‌లో ఉంటూ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కావలసినవి ఫోన్ మీదే ఆర్డర్ చేసి పంపే కొడుకులున్నారు. ఇలాంటివారికి చందా దుబారా కాదు, సౌకర్యం. ఆర్డర్లు లెక్కపెట్టుకుంటే వారికి గిట్టుబాటు కూడా కావచ్చు.

అయితే వారు కూడా రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, వేగం మన ఊరి పిన్‌కోడ్ మీద ఆధారపడి ఉంటుంది. హైదరాబాదులో సాయంత్రానికి వచ్చే వస్తువు మారుమూల మండలానికి అంత త్వరగా రాదు. గోదాము దగ్గరుంటేనే వేగం. చందా మాత్రం ఇద్దరికీ ఒకటే. రెండు, ప్రతి వస్తువుకూ ఈ సౌకర్యం వర్తించదు. సభ్యత్వం గుర్తు ఉన్న సరుకుకే వర్తిస్తుంది. పైగా వేగంగా వచ్చినంత మాత్రాన సరుకు మంచిదని హామీ లేదు.

మరో మాట కూడా చెప్పుకోవాలి. సభ్యులకు ఐదు శాతం డబ్బు వెనక్కి ఇస్తామంటూ క్రెడిట్ కార్డులు అంటగట్టడం ఈ సభ్యత్వాలతో పాటు వచ్చిన ఆనవాయితీ. గడువులోగా బిల్లు కట్టలేకపోతే ఆ ఐదు శాతం ఎటు పోతుందో, దాని వెనుక వడ్డీ ఎలా తయారవుతుందో వేరే చెప్పనక్కరలేదు. వడ్డీ విషయంలో తరతరాలుగా జాగ్రత్తపడే మన కుటుంబాల్లోకి, ఫోన్ కవరు మీద ఏడు రూపాయల తగ్గింపు కోసం దానిని పిలవడం ఎంతవరకు సబబు?

చట్టం ఏమంటోంది?

చేర్చుకునేటప్పుడు ఒక్క నొక్కు, మానుకోవాలంటే పది మలుపులు. ఇది ఒక్క మన అనుభవమే కాదు. చేరడం తెలియకుండా జరిగేలా, మానడం కష్టమయ్యేలా చేశారన్న ఆరోపణపై అమెరికాలో వాణిజ్య పర్యవేక్షణ సంస్థ 2023లో అమెజాన్ మీద కేసు వేసింది. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి. మన దేశంలోనూ 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ప్రకటించింది. కొనుగోలుదారును మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను నిషేధించింది. సభ్యత్వంలో ఇరికించి బయటికి పోనివ్వకపోవడం వాటిలో ఒకటి. ఇబ్బంది ఎదురైతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఖాతా నుంచి దానంతటదే డబ్బు తీసే చందాలకు 24 గంటల ముందే తెలియజేయాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చదవకుండా వదిలేయవద్దని మా మనవి.

వీధి చివరి కొట్టు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆన్‌లైన్ సంస్థలు అత్యవసరం కాని వస్తువుల ఆర్డర్లు తీసుకోవడం ఆపేశాయి. ఆ రోజుల్లో మా వీధి చివరి కిరాణా కొట్టాయన సగం షట్టర్ ఎత్తి బియ్యం, నూనె, పప్పు ఇచ్చాడు. చేతిలో డబ్బు లేనివారి పేరు ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు. ఆ అప్పు మీద వడ్డీ లేదు, ఆ సేవకు చందా లేదు. మా 41 పార్సెళ్లలో తొమ్మిది ఆయన కొట్టులోనో, ఆ పక్క ఫ్యాన్సీ షాపులోనో దొరికేవే. నడిచి వెళ్తే పది నిమిషాలు. రేపటికల్లా వస్తుందని మేము సంబరపడినవి ఆ రోజే చేతికి వచ్చేవన్నమాట.

ఈ ఏడాది మేము సభ్యత్వాన్ని కొనసాగించలేదు. పాత రోజుల్లో నెల సరుకులకు చీటీ రాసినట్టు, ఇప్పుడు వంటింటి గోడకు ఒక కాగితం తగిలించాం. ఎవరికేం కావాలన్నా దాని మీద రాయాలి. శుక్రవారం జుమా నమాజు తర్వాత భోజనాల దగ్గర చదువుతాం. సగం పేర్లు అప్పటికే కొట్టేసి ఉంటాయి. మిగిలినవి వీధిలో దొరికితే వీధిలో కొంటాం. దొరకనివి కలిపి ఒకే ఆర్డరు పెడతాం. అలా కలిపితే ఉచిత డెలివరీ పరిమితి దానంతటదే దాటుతుంది. ఒకసారి మిక్సీ జారు కోసం నాలుగు రోజులు ఆగవలసి వచ్చింది. ఆ నాలుగు రోజులూ పక్కింటి ఖాలా జారు ఇచ్చారు. ఇబ్బంది లేదని అనం, పడ్డాం. కానీ భరించలేనిదేమీ కాదు.

అందరూ ఇలా తగ్గించుకుంటే ఆ డెలివరీ కుర్రవాళ్ల కడుపు కొట్టినట్టు కాదా అని మా పెద్దవాడు అడిగాడు. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదది. ఎన్నో ఇళ్ల పిల్లలు ఆ బండి మీదే ఇంత సంపాదించుకుంటున్నారు. అయితే వారికి కావలసింది న్యాయమైన కూలి, ప్రమాదం జరిగితే బీమా, ఇఫ్తార్ వేళ పది నిమిషాల తెరిపి. 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఇలాంటి కార్మికుల ప్రస్తావన ఉంది. అది కాగితం దాటి వారి దాకా రావాలని అడగడం మన బాధ్యత. మనకు అక్కరలేని వస్తువు కొనడం ఎవరికీ చేసే ఉపకారం కాదు. ఇస్రాఫ్‌కు, అంటే దుబారాకు, సేవ అని పేరు పెట్టుకోలేం.

కనుక పాఠకులకు మా సలహా ఒక్కటే. చందా కట్టే ముందు, లేదా అది మళ్లీ మీ ఖాతా నుంచి పోయే ముందు, ఒక్క గంట తీరిక చేసుకుని నిరుటి ఆర్డర్లు కాగితం మీద రాయండి. చిన్నవెన్ని, అవసరమైనవెన్ని, నిజంగా తొందర ఉన్నవెన్ని అన్నది విడదీయండి. లెక్క తేలితే నిశ్చింతగా కట్టండి. తేలకపోతే మానుకోండి. ఆ మిగిలిన డబ్బు ఈద్‌కు ఒక బీద పిల్లవాడి బట్టలకైనా సరిపోతుంది.