నా సైనస్‌కి మూడు ఊళ్లని తిట్టుకున్నా

మా ఇంట్లో నా సైనస్‌కి మూడు కారణాలు ఉండేవి. హిందూపురంలో ఉన్నప్పుడు వస్తే మార్కెట్ యార్డు మిరపకాయల ఘాటు. పెనుకొండలో వస్తే హైవే దుమ్ము. ధర్మవరంలో వస్తే మగ్గాల ఇంటి దుమ్ము. ఏ ఊరికి ఆ ఊరి కారణం రెడీగా ఉండేది కాబట్టి నాలుగేళ్లు అసలు కారణం ఎవరూ వెతకలేదు. నేనూ వెతకలేదు. బగ్ ఎక్కడుందో వెతికితేనే నాకు జీతం వస్తుంది, అది వేరే సంగతి!

నాది హిందూపురం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, చుట్టుపక్కల వెలిసిన కంపెనీల్లో ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి మూడు రోజులు అక్కడికి వెళ్లాలి, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే పని. మా అవ్వ, మామయ్య ధర్మవరంలో ఉంటారు. వాళ్లింట్లో రెండు పట్టు మగ్గాలున్నాయి. మూడూ ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్లు. నా ముక్కు కూడా ఆ మూడింటి మధ్యే తిరిగేది.

ప్రతిసారీ ఒకటే కథ. రెండు రోజులు జలుబు. మూడో రోజు నుంచి చెంప బరువు. షూ లేసు కట్టుకోడానికి వంగితే చెంపలో రాయి కదిలినట్టు ఉండేది. పచ్చటి చీమిడి. గొంతులోకి ఏదో జారుతున్నట్టు, దాంతో పాటు ఒక చెడ్డ వాసన. మిగతా ఏ వాసనా తెలిసేది కాదు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగేవాణ్ని. తగ్గేది. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ మొదలు. ఒక్క ఏడాదిలో ఐదుసార్లు ఇలా అయ్యింది.

"తల తడుపుకుని ఫ్యాను కింద కూచుంటే ఇంకేమయితాది నాయనా" అని అమ్మ పసుపేసి ఆవిరి పట్టించేది. ఆవిరి పట్టినంతసేపూ హాయిగానే ఉండేది.

మగ్గం మీద పెట్టిన నింద

మూడు కారణాల్లో నేను గట్టిగా నమ్మింది మగ్గాన్ని. ఒక ఉగాదికి ధర్మవరంలో మూడు రోజులుండి వచ్చాక బాగా పట్టేసింది. పట్టు దుమ్ముతో కొందరికి ఎలర్జీ, ఉబ్బసం వస్తాయని ఫోన్లో చదివా. అది నిజమే, కొందరికి వస్తాయి. ఆ కొందరిలో నేనూ ఉన్నానని మాత్రం నాకు నేనే తేల్చేసుకున్నా.

ఆ తర్వాత ధర్మవరం వెళ్లినా రాత్రి ఉండటం మానేశా. మగ్గం గదిలోకి మాస్కు పెట్టుకుని వెళ్లేవాణ్ని. మామయ్య కొడుకు నిశ్చితార్థానికి అసలు వెళ్లనే లేదు. మామయ్య ఏమీ అనలేదు. అవ్వ మాత్రం అమ్మతో ఫోన్లో, "వాని ఇంజనీరింగ్ ఫీజు కట్టింది ఆ మగ్గమే. ఇప్పుడు దాని దుమ్ము పడదంటనా వానికి?" అనిందట. అమ్మ ఆ మాట నాకు చెప్పి, ఇంకేమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

డాక్టర్ అడిగిన ప్రశ్న

పోయిన మే నెలలో ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లా. నాలుగేళ్ల కథంతా చెప్పా. ఆవిడ అంతా విని, "ఏ వైపు?" అన్నారు.

"రెండు వైపులా అనుకుంటా మేడం."

"అనుకోవడం కాదు బాబూ, చూసుకుని చెప్పు."

నాలుగేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

తర్వాత ఆవిడ కాగితం మీద ముఖం బొమ్మ గీసి చూపించారు. మన ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి. వాటినే సైనస్‌లు అంటాం. అంటే "నాకు సైనస్ ఉంది" అనడం "నాకు మోకాలు ఉంది" అన్నట్టే, అందరికీ ఉంటాయి! వాటిలో పెద్దది చెంప ఎముకలో ఉంటుంది. దాని తూము అడుగున ఉండదు, పైన ఉంటుంది. లోపల ఊరే జిగురుని కంటికి కనిపించనంత సన్నటి నూగు పైకి తోసుకుంటూ వెళ్లి ముక్కులోకి దింపాలి. వాపు వచ్చి ఆ తూము మూసుకుపోతే లోపలిది లోపలే నిలిచిపోతుంది.

జలుబుతో వచ్చే సైనస్ ఇబ్బంది చాలావరకు వైరస్ వల్లే. వారం, పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. దానికి యాంటీబయాటిక్ పని చేయదు. ఏడాదికి నాలుగుసార్లు లేదా అంతకంటే ఎక్కువ వస్తున్నా, 12 వారాలు దాటినా తగ్గకపోయినా మందులు మారుస్తూ కూర్చోకూడదు, కారణం వెతకాలి. ఎలర్జీ కావచ్చు, ముక్కు దూలం వంకర కావచ్చు, ముక్కులో పెరిగే పాలిప్స్ అనే మెత్తటి కండ కావచ్చు, సిగరెట్ పొగ కావచ్చు, ఇంకా వేరేవి కూడా కావచ్చు.

నా బ్యాగులో ముక్కు చుక్కల సీసా చూసి, "ఇది ఎన్నాళ్లుగా వాడుతున్నావు?" అన్నారు. నెలల తరబడి అని చెప్పడానికి సిగ్గేసింది. ముక్కు వెంటనే తెరిపించే ఆ రకం చుక్కల్ని వరసగా కొద్ది రోజులకి మించి వాడితే, మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుసుకుంటుందట. దాంతో మళ్లీ చుక్కలు. అలా చుక్కలే ఒక జబ్బు అయిపోతాయి. ఆ రోజే మానిపించారు.

"రెండు నెలలు రోజూ రాయి. ఏ ఊరు, ఏ వైపు, ఎలాంటి చీమిడి, ఏం మందు. అప్పుడు రా," అన్నారు. ధర్మవరం వెళ్లడం మానేశానని చెబితే, "వెళ్లడమే మానేసిన చోటు గురించి నీకేం తెలుస్తుంది? వెళ్లి ఉండి చూడు," అన్నారు.

మా భాషలో చెప్పాలంటే, బగ్ వస్తుందని అనుమానమున్న చోట దాన్ని మళ్లీ రప్పించి చూడాలి. అది చూడకుండానే నేను టికెట్ క్లోజ్ చేసేశా.

షీట్ చెప్పిన సంగతి

ఫోన్లో ఒక షీట్ పెట్టుకున్నా. తేదీ, ఊరు, వైపు, లక్షణం, మందు అని ఐదు కాలమ్స్. జూన్, జూలై కలిపి 61 వరసలు. రోజుకి అర నిమిషం పని.

ఆఖరున ఊరి ప్రకారం వేరు చేసి చూద్దామనుకున్నా. ఏ ఊరు దొంగో తేలిపోతుంది కదా అని. ఊరి ప్రకారం చూస్తే ఏమీ తేలలేదు. డాక్టర్ మాట గుర్తొచ్చి వైపు ప్రకారం చూస్తే ఒకటి కాదు, రెండు జబ్బులు బయటపడ్డాయి.

మొదటిది తుమ్ములు, నీళ్లలాంటి చీమిడి, కళ్ల దురద. 14 రోజులు. ముక్కు రెండు వైపులా. వాటిలో 10 రోజులు పెనుకొండ వెళ్లినవే, అదీ వానలు పడ్డాకే. మా ఆఫీసు పార్కింగ్ వెనక ఖాళీ జాగా నిండా వయ్యారిభామ పూసి ఉంది. అదే, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారే, తెల్లటి చిన్న పూలతో ఎక్కడ చూసినా కనిపించే కలుపు మొక్క. 1950లలో పుణెలో కనిపించి, తర్వాత దేశమంతా పాకింది. దాని పుప్పొడితో ముక్కు ఎలర్జీ, మొక్క తగిలితే చర్మం దురద వస్తాయని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. నేను రోజూ దాని పక్కనే బండి పెడుతున్నా.

రెండోది చెంప బరువు, పచ్చటి చీమిడి, చెడ్డ వాసన. 19 రోజులు. హిందూపురంలో 9, పెనుకొండలో 7, ధర్మవరంలో 3. ఊరు ఏదైనా వైపు మాత్రం ఒకటే. 19కి 19 రోజులూ ఎడమే!

ధర్మవరంలో ఆ రెండు నెలల్లో మొత్తం ఆరు రోజులున్నా. మాస్కు లేకుండా మగ్గం గదిలో మామయ్య పక్కన కూర్చున్నా. ఒక్క తుమ్ము కూడా రాలేదు. అక్కడ రాసిన ఆ మూడు బరువు రోజులు కూడా హిందూపురంలో మొదలై నాతోపాటు రైలెక్కినవే.

ఎడమ చెంప వెనక ఏముంది?

షీట్ చూసి డాక్టర్ సీటీ స్కాన్ రాశారు. కుడి చెంప గది ఖాళీగా, నల్లగా ఉంది. ఎడమది నిండిపోయి ఉంది. ఆవిడ అడిగిన రెండో ప్రశ్న ఇది: "ఎడమ వైపు పై పన్నుకి ఎప్పుడైనా వైద్యం చేయించుకున్నావా?"

చేయించుకున్నా. బీటెక్ మూడో ఏడాదిలో, పై దవడ పన్నుకి రూట్ కెనాల్. "కానీ ఇప్పుడు పన్ను నొప్పేమీ లేదు మేడం," అన్నా. "నొప్పి ఉండాలని లేదు," అన్నారు.

పై దవడ పళ్ల వేర్లు చెంప గది నేలకి చాలా దగ్గరగా ఉంటాయి. కొందరిలో మధ్యలో ఉండేది సన్నటి పొర మాత్రమే. వేరు కొసన చీము పడితే అది కిందికి వచ్చి చిగురు వాచేలా చేయకుండా పైకి, గదిలోకి ఎక్కిపోవచ్చు. నరం తీసేసిన పన్ను కాబట్టి నొప్పి తెలియదు. సైనస్ ఒకే వైపు మళ్లీ మళ్లీ వస్తుంటే, అందులోనూ చెడ్డ వాసన ఉంటే, పన్నుని తప్పకుండా అనుమానించాలట.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1651లో నథానియెల్ హైమోర్ అనే ఇంగ్లండ్ వైద్యుడు తన శరీర శాస్త్ర గ్రంథంలో ఈ చెంప గదిని వివరంగా వర్ణించాడు. పన్ను పీకించుకున్న చోట ఆ గదిలోకి దారి పడి, అక్కడి నుంచి చీము కారుతూ బాధపడిన ఒకావిడ సంగతి కూడా అందులో రాశాడు. ఈ గదిని చాలా కాలం ఆయన పేరుతోనే పిలిచారు. అయినా ముక్కుకి ఒక డాక్టర్, పంటికి ఒక డాక్టర్ కాబట్టి, ఈ రెండింటి మధ్య ఉన్న గోడ దగ్గర జబ్బు ఇప్పటికీ తప్పించుకుంటూనే ఉంటుంది.

పంటి డాక్టర్ దగ్గర ఇంకో స్కాన్ తీస్తే వేరు కొసన నల్లటి మచ్చ కనిపించింది. ఆ పన్నుకి సాధారణంగా మూడు వేర్లు ఉంటాయి. కానీ ఒక వేరులో రెండో సన్నటి కాలవ కూడా ఉండటం చాలా మామూలట. అది దొరకడం కష్టం, మంచి డాక్టర్లకి కూడా తప్పిపోతుంది. నాకు తప్పిపోయింది అదే. పైగా నా తప్పు ఒకటుంది. రూట్ కెనాల్ అయ్యాక పన్నుకి క్యాప్ వేయించుకోమన్నారు. సెమిస్టర్ పరీక్షలని వాయిదా వేశా. తర్వాత మర్చిపోయా. ఆ పన్ను ఏడేళ్లు తొడుగు లేకుండా ఉండిపోయింది.

ఆగస్టులో మళ్లీ రూట్ కెనాల్ చేసి, క్యాప్ వేశారు. ఎలర్జీకి ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. అది చుక్కల్లా వెంటనే పని చేయదు, రోజూ వాడితే కొన్ని వారాలకి గుణం తెలుస్తుంది. అప్పటి నుంచి ఒక్కసారి జలుబు చేసింది, ఆరో రోజుకి దానంతట అదే పోయింది. చెంప బరువు మళ్లీ రాలేదు. అందరికీ ఇంత తేలిగ్గా అయిపోదని డాక్టరే చెప్పారు. కొందరికి పన్ను తీసేయాలి, కొందరికి ఎండోస్కోపీతో ఆపరేషన్ కూడా కావాలి.

మీరు చేసి చూడాల్సినవి

ఏ వైపో రాసుకోండి. రెండు వైపులా నీళ్లు కారి, దురద, తుమ్ములు ఉంటే ఎలర్జీ వైపు చూడాలి. ఎప్పుడూ ఒకే వైపైతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. పంటికి ఎప్పుడో చేయించుకున్న వైద్యం గురించి అడగకపోయినా చెప్పండి.

పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాత చీటీతో యాంటీబయాటిక్ కొనకండి.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మంచిదే. కానీ నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, మెదడుకి పాకే అమీబా వల్ల చనిపోయారు. అరుదైన సంగతే, కానీ నీళ్లు మరిగించడం పెద్ద పనేం కాదు.

ముక్కు కారకుండా తలనొప్పి మాత్రమే వస్తూ, వెలుతురు చూడలేకపోతూ, వాంతి వచ్చేలా ఉంటే అది మైగ్రేన్ కావచ్చు. చాలామంది దాన్నే సైనస్ తలనొప్పి అనుకుంటారు.

కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం, భరించలేని తలనొప్పి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. 2021లో బ్లాక్ ఫంగస్ ఎంతమందిని బాధపెట్టిందో చూశాం కదా.

సంక్రాంతికి ధర్మవరం వెళ్లి రెండు రాత్రులున్నా. మామయ్యతో, "మగ్గం వల్ల కాదు మామా, నా పన్ను వల్ల. నిశ్చితార్థానికి రానందుకు ఏమనుకోవద్దు," అని చెప్పా. ఆయన పని ఆపకుండానే, "పెళ్లికి వస్తివి కదప్పా," అన్నాడు. ఓళిగలు కాలుస్తున్న వాసన మగ్గం గది దాకా వస్తోంది. అవ్వకి విషయమంతా చెప్పేసరికి పెద్దగా నవ్వి, "ఇన్నేండ్లు నోరు పెట్టుకుని మా ఇంటిని అంటివి. ఆ నోరేదో ముందే తెరిచి చూపించింటే అయిపోయుండు కదరా," అనింది.