ఖాళీ గిన్నె సంగతి

రామంతాపూర్ నుంచి ఒక పాప అడిగింది: "ఖాళీ గిన్నె గ్యాసు పొయ్యిమీద పెడితే నానమ్మ కేకలేస్తుంది. నీళ్ళు పోసి పెడితే ఏమీ అనదు. మంట ఒకటే గదా, ఎందుకని?"

మంట ఒకటే, కాని గిన్నెకు తగిలే వేడి ఒకటి కాదు. నీళ్ళు సుమారు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ తరవాత ఎంత మంట పెట్టినా ఆ వేడి నీటిని ఆవిరి చేయటానికే సరిపోతుంది గనక, నీళ్ళున్నంతసేపూ గిన్నె అడుగు అంతకు ఎంతో మించి కాగదు. నీళ్ళు లేవనుకోండి, వేడంతా గిన్నెకే ఎక్కుతుంది. గ్యాసు మంట వేడి వెయ్యి డిగ్రీలకు పైమాటే!

ఇత్తడి గిన్నెల లోపల తెల్లగా కళాయి ఉంటుంది, చూశారా? అది తగరం. 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నె బాగా కాగితే కళాయి కరిగిపోయి ఇత్తడి బయటపడుతుంది. ఆ పైన అందులో చింతపండు పులుసు కాస్తే, పులుపు ఇత్తడిలోని రాగిని వంటలోకి లాగుతుంది. అది తింటే వాంతులు, కడుపునొప్పి రావచ్చు. నానమ్మ ఊరికే కేకలు వేయటంలేదు.

నాన్‌స్టిక్ పెనాలకూ ఇదే గండం. రామంతాపూర్ నుంచి హబ్సిగూడ దాటితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 2024లో వెలువరించిన ఆహార సూచనలలో అది వంటపాత్రల మాట కూడా ఎత్తింది: నాన్‌స్టిక్ పెనాన్ని 170 డిగ్రీలు దాటనివ్వటం ప్రమాదమనీ, పూత లేచిపోతే పారవేయమనీ, పుల్లని వంటలకు అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు తగవనీ చెప్పింది. మట్టి పాత్రలను అన్నిటికన్నా మెచ్చుకున్నది. పెనం నునుపు చూసి మురిసేవారికి ఇది రుచించకపోవచ్చు!

మన పెద్దలు చారుకు రాచ్చిప్ప వాడేవారు. పులుపు ఆ రాతిని ఏమీ చేయలేదు. అయితే మట్టికుండయినా, రాచ్చిప్ప అయినా సన్నని సెగమీదనే కాగాలి. కాగినదానిలో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది.

స్టీలు గిన్నెలో పులుసు నిశ్చింతగా కాయవచ్చు గాని, స్టీలు వేడిని సరిగా పంచదు. ఈ పనిలో అల్యూమినియం దానికి సుమారు 15 రెట్లు మెరుగు. అందుకే పలచని స్టీలు గిన్నెలో పప్పు మంట తగిలినచోటనే మాడుతుంది. అడుగున రాగి గాని అల్యూమినియం గాని అతికినవి కొనటం మేలు.

మంట గిన్నె అడుగును దాటి పైకి లేవకూడదు. గ్యాసు దండగ, పిడీ కాలుతుంది.

అన్నట్టు, సిలిండరు గ్యాసుకు సహజంగా వాసన లేదు. కారితే తెలియాలని వాసన కలుపుతారు. అది గాలికన్న బరువు గనక నేలమీదనే పేరుకుంటుంది. వాసన వస్తే పిల్లలు స్విచ్చి ముట్టుకోరాదు, వెలిగించటానికే కాదు, ఆర్పటానికి కూడా. పెద్దలను పిలిచి బయటికి వెళ్ళండి. రెగ్యులేటరు కట్టి, తలుపులు తీయటం పెద్దల పని. 1906కు ఫోను చేయటం కూడా ఇంటి బయటినుంచే.