పొగబండి కోసం ఎదురుచూపులెందుకు?

నాలుగు వానలు పడి, అపార్ట్‌మెంట్లో ఒకరిద్దరు పిల్లలకు జ్వరం వచ్చిందంటే చాలు. హైదరాబాద్‌లో ఏ కాలనీ వాట్సప్ గ్రూపులోనైనా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: ‘‘ఫాగింగ్ ఎప్పుడు చేస్తారు?’’ తెలిసిన నాయకుడికి ఫోన్లు వెళ్తాయి. ఫిర్యాదు నమోదవుతుంది. ఓ సాయంత్రం చప్పుడు చేసుకుంటూ పొగబండి వస్తుంది. వీధంతా తెల్లటి పొగ కమ్ముకుంటుంది. గ్రూపులో ఫొటోలు, ధన్యవాదాలు. మున్సిపాలిటీ పనిచేసిందని మనకు తృప్తి. ఫిర్యాదు పరిష్కారమైందని వాళ్లకు తృప్తి. డెంగీ దోమకు మాత్రం పెద్దగా వచ్చిన నష్టమేమీ ఉండదు.

నగరంలో ప్రజారోగ్య విభాగం పనితీరును మనం కొలిచే కొలబద్దే సరైంది కాదు. కంటికి కనిపించే పొగను చూసి మార్కులు వేస్తున్నాం. కనిపించకుండా రోజూ జరగాల్సిన అసలు పని గురించి అడగడం లేదు. అంతేకాదు, ఆ పని చేయడానికి వచ్చినవాళ్లను మన గేటు దగ్గరే ఆపేస్తున్నాం. ఏ ఊళ్లోనైనా జనం దేన్ని అడిగితే అధికారులు దాన్నే చేస్తారు. పొగ అడిగితే పొగే వస్తుంది. జ్వరాలు తగ్గాలంటే మనం అడిగేది మారాలి.

పొగ చేసేది ఎంత?

ఫాగింగ్ మందు గాల్లో ఎగురుతున్న దోమ ఒంటికి తగిలితేనే అది చస్తుంది. పొగ విడిపోయాక దాని ప్రభావం మిగలదు. నీళ్లలో ఉన్న గుడ్లకు, లార్వాలకు ఏమీ కాదు. అంటే ఇవాళ కొన్ని దోమలు చచ్చినా, రేపటి నుంచి కొత్తవి రెక్కలు విప్పుకుని బయటికి వస్తూనే ఉంటాయి.

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై దోమ సంగతి మరీ వేరు. అది ఎక్కువగా పగటిపూట, అందులోనూ పొద్దున్నే, సాయంత్రం చీకటి పడకముందు కుడుతుంది. మిగతా సమయంలో వీధిలో తిరగదు. మన ఇంట్లోనే మంచాల కింద, కర్టెన్ల వెనక, హ్యాంగర్లకు వేలాడే బట్టల మధ్య దాక్కుంటుంది. పొగబండి చప్పుడు వినగానే మనమేం చేస్తాం? గబగబా తలుపులు, కిటికీలు మూసేస్తాం. వీధిలో పొగ, ఇంట్లో దోమ. రెండూ ఎదురుపడేదెప్పుడు?

అలాగని ఫాగింగ్ పూర్తిగా పనికిరానిదనీ కాదు. ఒకేచోట కేసులు గుంపుగా వచ్చినప్పుడు, అప్పటికే వైరస్‌ను మోస్తున్న దోమల్ని వెంటనే చంపాలి. అప్పుడు రోగి ఇంట్లోనూ, చుట్టుపక్కల ఇళ్లలోనూ లోపల మందు కొట్టడం అవసరం. అది ఆపద్ధర్మం. దాన్నే నిత్య వైద్యంగా వాడుకోవాలనుకోవడంతోనే చిక్కంతా.

అసలు పని టార్చిలైటుతో

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పరిశోధన అది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నదీ అందుకే. దోమను అదుపు చేస్తే జబ్బు అదుపులోకి వస్తుందన్న ఆలోచనకు ఊపునిచ్చిన నగరం మనది. దేశంలో 1971 నుంచి పట్టణాల్లో అమలైన అర్బన్ మలేరియా పథకానికి కూడా ప్రధాన ఆయుధం పొగ కాదు. దోమ నీళ్లలో ఉండగానే, రెక్కలు రాకముందే దాన్ని అంతం చేయడం.

కార్పొరేషన్‌లోని ఎంటమాలజీ విభాగం చేయాల్సిన పని ఇదే. భుజాన స్ప్రేయర్, చేతిలో టార్చిలైటు పట్టుకుని సిబ్బంది ఇల్లిల్లూ తిరగాలి. డ్రమ్ములు, సంపులు, కూలర్లు, పాత టైర్లు, డాబా మీద పడేసిన సామాన్లు చూడాలి. నీళ్లలో మెలికలు తిరుగుతూ కదిలే లార్వాలు కనిపిస్తే ఒంపేయించాలి. ఒంపడానికి వీల్లేని చోట టెమిఫాస్ లాంటి మందు వేయాలి. మురుగు గుంటల్లో ఆయిల్ బాల్స్, బావుల్లో గంబూసియా చేపలు వదలాలి. పేరుకు చిన్న పనులే కానీ, వారం వారం ఆగకుండా జరగాలి.

ఎందుకు వారం వారం? ఈడిస్ గుడ్డు నుంచి దోమగా మారడానికి మన వాతావరణంలో సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు ఒంపేస్తే ఆ తరం అక్కడితో ఆగిపోతుంది. శుక్రవారం ‘డ్రై డే’ పెట్టినా, 2020లో తెలంగాణ పట్టణాల్లో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అన్నా, వెనకున్న లెక్క ఇదే. ఇంకో విషయం. ఈ దోమ గుడ్లు పాత్ర గోడకు, నీటి అంచుకు కాస్త పైన అతుక్కుని ఉంటాయి. నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే ఒంపడంతో సరిపెట్టకుండా గోడల్ని గట్టిగా రుద్ది కడగాలి. వానలు పడ్డాక హడావుడి మొదలుపెట్టడం కాదు, ఎండాకాలంలోనే పని మొదలవ్వాలి.

మన గేటు దగ్గర ఆగిపోయే వైద్యం

రాత్రిళ్లు చెవుల దగ్గర రొద పెట్టే క్యూలెక్స్ దోమలు మురుగు కాల్వల్లో, నాలాల్లో పెరుగుతాయి. వాటి బాధ్యత కార్పొరేషన్‌ది. మనం నిలదీయవచ్చు. కానీ ఈడిస్‌కు కావాల్సింది నిలిచిన మంచినీరు. మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, మూత సరిగా లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, పక్షుల కోసం పెట్టి మరిచిపోయిన మట్టి మూకుడు. ఇవన్నీ మన తలుపు లోపలే ఉన్నాయి. 74వ రాజ్యాంగ సవరణ ప్రజారోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని స్థానిక సంస్థలు చూడాల్సిన అంశాల్లో చేర్చింది. నిజమే. కానీ మన ఇంట్లోని పళ్లేన్ని మనం చూపించకుండా ఏ సంస్థ మాత్రం ఏం చేయగలదు?

బస్తీలో ఆరోగ్య సిబ్బందికి తలుపు తెరవడం మామూలే. సెక్యూరిటీ క్యాబిన్ ఉన్న చోటే కష్టం. ‘‘సార్లు ఆఫీసుకెళ్లారు, తర్వాత రండి’’ అని వాచ్‌మన్ పంపేస్తాడు. లేదా రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని, గేటు పక్కన కాల్వలో నాలుగు చుక్కలు కొట్టించి సాగనంపుతారు. డాబా తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. లిఫ్టు గుంతలో నీళ్లున్నాయో లేదో ఎవరూ చూడరు. ఊరెళ్లిన ఫ్లాటు బాల్కనీలో బకెట్ నెలలుగా అలాగే ఉంటుంది. ఈడిస్ సాధారణంగా ఎక్కువ దూరం ఎగరదు, కొన్ని వందల మీటర్లలోపే తిరుగుతుంది. కాబట్టి మన పిల్లల్ని కుట్టే దోమ ఎక్కడో మూసీ ఒడ్డున కాక, మన బ్లాకులోనో పక్క బ్లాకులోనో పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ.

గృహస్థుల భయాలనూ కొట్టిపారేయలేం. ఇంట్లో ఆడవాళ్లో, పెద్దవాళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు ముక్కూమొహం తెలియని మనిషిని లోపలికి ఎలా రానిస్తారు? తాగే నీళ్లలో మందు వేస్తే ప్రమాదం కాదా? ఇవి సబబైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు చెప్పాల్సింది కార్పొరేషన్. యూనిఫాం, ఫొటో గుర్తింపు కార్డు, వచ్చే రోజు ముందే తెలపడం, బృందంలో ఒక మహిళ ఉండేలా చూడటం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రెండోదానికి జవాబుంది. నిర్ణీత మోతాదులో, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా, తాగునీటిలో టెమిఫాస్ వాడకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. అయినా మనసొప్పకపోతే ట్యాంకును కడిగి, మూత బిగించి చూపిస్తే సరిపోతుంది. అసలు మందే అక్కర్లేదు.

గడువు రెండు మూడు వారాలే

డెంగీ వ్యాపించే తీరు చూస్తే ప్రజారోగ్య విభాగానికి వేగం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. జ్వరమొచ్చిన మనిషిని కుట్టిన దోమ వెంటనే వైరస్‌ను అంటించలేదు. వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలానికి చేరేందుకు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. కుట్టించుకున్న మనిషికి జ్వరం బయటపడటానికి మరో 4 నుంచి 10 రోజులు. అంటే ఒక వీధిలో మొదటి జ్వరానికీ, రెండో విడత జ్వరాలకూ మధ్య సుమారు రెండు మూడు వారాల గడువు ఉంటుంది. ఆలోగా సిబ్బంది వచ్చి రోగి ఇంటి చుట్టూ ఉన్న ఇళ్లన్నీ గాలిస్తే గొలుసు తెగుతుంది.

ఈ గడువు ఎక్కడ కరిగిపోతోందో చూడండి. మూడో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ప్రైవేటు ల్యాబులో ర్యాపిడ్ పరీక్షలో ఎన్ఎస్1 పాజిటివ్ వస్తుంది. ప్రభుత్వం లెక్కలో అది అనుమానిత కేసే. ఎలీసా పద్ధతిలో తేలితేనే నిర్ధారణ. వ్యాధుల గణాంకాలకు ఈ జాగ్రత్త అవసరమే. ఆసుపత్రుల్లో పడకలు నిండిపోతుంటే అధికారిక సంఖ్య మాత్రం చిన్నదిగా కనిపించడానికి ఇదొక కారణం. ‘లెక్కలు దాస్తున్నారు’ అని జనం అనుకునేదీ ఇక్కడే. కానీ లెక్క వేరు, స్పందన వేరు. లెక్కలో చేర్చడానికి ఎలీసా కోసం ఆగొచ్చు, ఆ వీధికి వెళ్లడానికి ఆగకూడదు. అనుమానిత కేసు చిరునామా అందిన మర్నాడే సిబ్బంది అక్కడుండాలి. అలా జరగాలంటే ప్రైవేటు ఆసుపత్రులూ ల్యాబులూ ఏ రోజు సమాచారం ఆ రోజే పూర్తి చిరునామాతో ఇవ్వాలి. ఆలస్యం చేసినవాళ్లను అడిగేవాళ్లుండాలి.

ఈ అంకెలు అడుగుదాం

లార్వా సర్వేకు ఒక తేలికైన కొలత ఉంది. వంద ఇళ్లు చూస్తే ఆరింట్లో లార్వా దొరికిందనుకోండి, ఆ ప్రాంతం ‘హౌస్ ఇండెక్స్’ ఆరు. ప్రతి వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్నో చెప్పేది ‘బ్రెటో ఇండెక్స్’. ఇవి పెరుగుతున్నాయంటే జ్వరాల ముప్పు పెరుగుతున్నట్టే. చర్య తీసుకోవాల్సింది ఆ దశలో. మన కాలనీ సంఘాలు ప్రతి వారం అడగాల్సిన లెక్కలివి: మా వార్డులో ఎన్ని ఇళ్లు చూశారు? ఎన్ని తాళం వేసి ఉన్నాయి? ఎన్నింట్లో లార్వా దొరికింది? ఏ రకం పాత్రల్లో? కేసు సమాచారం అందాక ఎన్ని రోజులకు వెళ్లారు? ఈ ఐదు అంకెల్ని వార్డు కార్యాలయం గోడ మీద రాసినా చాలు. పొగబండి ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క కన్నా ఇవి వంద రెట్లు నయం.

ఈ పని చేసేవాళ్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్ కార్మికులు. ఎండావానల్లో మెట్లెక్కి దిగుతూ, వాచ్‌మన్లతో మాటలు పడుతూ తిరిగేది వాళ్లే. వాళ్ల సంఖ్య, జీతం, శిక్షణ ఎలా ఉన్నాయో అడగడం కూడా మన ఆరోగ్యం కోసం అడగడమే.

నియమం అందరికీ ఒక్కటిగా ఉండాలి. లార్వా దొరికిన ఇంటికి ముంబయిలో లాగా నోటీసు ఇస్తే తప్పులేదు. అయితే స్లాబు మీద మడులు కట్టి రోజుల తరబడి నీళ్లు నిలిపే బిల్డరుకు, సీజ్ చేసిన వాహనాలు వరుసగా తుప్పుపట్టే పోలీస్‌స్టేషన్‌కు, డాబా మీద విరిగిన బెంచీలు గుట్టగా పడి ఉన్న ప్రభుత్వ బడికి కూడా అదే నోటీసు వెళ్లాలి. లేకపోతే అది సామాన్యుడి మీద జులుమే అవుతుంది.

ఇదంతా జరిగే పనేనా అని అనుమానం రావచ్చు. 1994లో ప్లేగు భయంతో జనం ఊరు వదిలి పారిపోయిన సూరత్, ఆ తర్వాత కొద్దికాలానికే దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారుల్ని గదుల్లోంచి బయటికి రప్పించి రోజూ వీధుల్లో తిప్పారు. ఎవరి ప్రాంతానికి వాళ్లను జవాబుదారీ చేశారు. ఆ ఊరి దశ మార్చింది రోజువారీ తనిఖీ, జవాబుదారీతనం.

మన వంతుగా ఈ వారమే చేయగలిగినవి ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సంఘం డాబా తాళం, లిఫ్టు గుంత, ఖాళీ ఫ్లాట్ల బాల్కనీల బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఎంటమాలజీ సిబ్బంది వస్తే వెంట ఉండి చూపించే మనిషిని ఏర్పాటు చేయాలి. ఇంట్లో ఎవరికైనా డెంగీ అనుమానం ఉంటే పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి, ఆ మనిషిని కుట్టిన దోమే రేపు పక్కింటి పాపను కుట్టేది. అన్నిటికన్నా ముఖ్యం, విషయాన్ని దాచకుండా అదే రోజు మున్సిపల్ సర్కిల్ కార్యాలయానికి, పక్కింటివాళ్లకు చెప్పడం. డెంగీ రావడం ఎవరి పరువుకూ నష్టం కాదు. మనం చెబితే ఆ రెండు మూడు వారాల గడువు మన వీధికి దక్కుతుంది.