పింఛను హక్కు ఒకటే, పంతుళ్లు మూడు రకాలు

ఏటా డిసెంబరు 17న దేశమంతటా పింఛనుదారుల దినం జరుపుకొంటారు. 1982లో అదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వెలువరించింది. పింఛను ప్రభుత్వం దయతలచి విదిల్చే దానం కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు ప్రతిఫలంగా చెల్లించవలసిన మొత్తమనీ ఆ తీర్పు తేల్చిచెప్పింది. 1979 మార్చి 31 అనే ఒక తేదీని గీతగా గీసి, దానికి ఇటు రిటైరైన వారికి ఒక లెక్క, అటు రిటైరైన వారికి మరో లెక్క చూపడం సమానత్వానికి విరుద్ధమని కొట్టివేసింది. అంతకు పదకొండేళ్ల ముందే, 1971లో, దేవకీనందన్ ప్రసాద్ కేసులో పింఛను ఉద్యోగి ఆస్తి వంటిదని అదే న్యాయస్థానం చెప్పి ఉన్నది.

న్యాయసూత్రం ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణ అందుకు పూర్తిగా ఎదురు దిశలో నడుస్తున్నది. తేదీల గీతలు చెరిగిపోకపోగా ఇంకా పెరిగాయి. వాటి బరువు అందరికంటె ఎక్కువగా పడినది ఉపాధ్యాయులమీద. ప్రభుత్వ ఉద్యోగుల్లో వారి సంఖ్య పెద్దది. ప్రైవేటు రంగంలోనూ అదే వృత్తిలో లక్షల మంది ఉన్నారు. చేసేది ఒకటే పని అయినా, ఏ తలుపు గుండా ఏ తేదీన బడిలోకి అడుగుపెట్టారన్నదే వృద్ధాప్యాన్ని నిర్ణయిస్తున్నది.

ఒకే పట్టణంలో పాఠం చెప్పిన ముగ్గురిని ఊహించుకుందాం. మొదటివారు 1990లో జిల్లా పరిషత్ పాఠశాలలో చేరారు. ఆయనకు పాత పింఛను ఉంది. కరవు భత్యం కలుస్తుంది. ఆయన తరువాత భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. రెండవవారు 2003 డీఎస్సీ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసి ఎంపికైనవారు. నియామకపు ఉత్తర్వు ఆమె చేతికి అందేసరికి 2004 సెప్టెంబరు 1 దాటిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కంట్రిబ్యూటరీ పింఛను పథకం, అంటే సీపీఎస్, అమలులోకి వచ్చిన తేదీ అదే. ఆలస్యం చేసింది ప్రభుత్వం, మూల్యం చెల్లిస్తున్నది ఆమె. మూడవవారు ప్రైవేటు పాఠశాలలో పనిచేశారు. ఆయనకున్నది ఉద్యోగుల పింఛను పథకం, ఈపీఎస్-95. అదీ యాజమాన్యం భవిష్యనిధి చందాను సక్రమంగా కట్టి ఉంటేనే.

మూడవవారి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే పింఛను చర్చల్లో ఆయన పేరు వినిపించదు. ఈపీఎస్ సూత్రం సరళమైనది: పింఛనుకు లెక్కించే జీతాన్ని సేవా సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి 2014 సెప్టెంబరు నుంచి ఉన్న గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలు. అంతకుముందు అది 6,500 మాత్రమే. 35 ఏళ్ల సేవను పూర్తి పరిమితిమీద లెక్కగట్టినా నెలకు వచ్చేది 7,500 రూపాయలు. చాలామందికి అందులో సగం కూడా రాదు. కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలుగా నిర్ణయమైంది. ధరలు పెరిగితే దానితోపాటు పెరిగే కరవు భత్యం ఈ పథకంలో లేదు. ఇరవై మందికి తక్కువ సిబ్బంది ఉన్న చిన్న బడులకు భవిష్యనిధి చట్టం సాధారణంగా వర్తించదు కనుక, అక్కడి పంతుళ్లకు ఈ వెయ్యి కూడా లేదు.

దీని పక్కన మరో లెక్క పెట్టి చూడాలి. 2025 మార్చిలో కేంద్రం మాజీ పార్లమెంటు సభ్యుల పింఛనును 25,000 నుంచి 31,000 రూపాయలకు పెంచింది. ఆ పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తించింది. ఐదేళ్లు దాటి పనిచేసిన ప్రతి ఏటికి అదనంగా 2,500 కలుస్తుంది. ప్రజాప్రతినిధులకు పింఛను ఉండరాదన్నది నా వాదన కాదు. జీవనవ్యయానికి తగ్గట్టు పింఛను పెరగాలన్న సూత్రం పార్లమెంటుకు బాగానే తెలుసునన్నది మాత్రం నా వాదన. ఆ సూత్రం ఈపీఎస్ దస్త్రం దగ్గరకు వచ్చేసరికి ఆర్థిక క్రమశిక్షణగా మారిపోతున్నది.

ప్రైవేటు ఉపాధ్యాయుల గ్రాట్యుటీ చరిత్ర ఇంకా చేదుగా ఉంటుంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టాన్ని 1997 ఏప్రిల్ 3న విద్యాసంస్థలకు వర్తింపజేశారు. కాని ఆ చట్టంలో ‘ఉద్యోగి’ నిర్వచనం కిందికి ఉపాధ్యాయుడు రాడని 2004లో సుప్రీంకోర్టు అన్నది. బడిలో గుమస్తాకు గ్రాట్యుటీ ఉంటుంది, పాఠం చెప్పేవారికి ఉండదు! లోపాన్ని సరిదిద్దుతూ పార్లమెంటు 2009లో సవరణ చేసి, 1997 నుంచే వర్తించేలా శాసించింది. యాజమాన్యాలు మళ్లీ కోర్టుకెక్కాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించేదాకా వివాదం తెగలేదు. ఈ మధ్యకాలంలో రిటైరై కన్నుమూసినవారికి ఆ తీర్పు ఏ విధంగానూ పనికిరాలేదు. చట్టం చేయడానికీ, చట్టం చేతికి అందడానికీ మధ్య ఒక మనిషి వృద్ధాప్యమంతా పట్టవచ్చునన్నదానికి ఇదొక నిదర్శనం.

ఇక రెండవవారి సమస్యకు పరిష్కారం ఇప్పటికే కళ్లముందు ఉన్నది. కేంద్ర సర్వీసుల్లో జాతీయ పింఛను వ్యవస్థ 2004 జనవరి 1న మొదలైంది. దాన్ని ప్రకటించిన 2003 డిసెంబరు 22కు ముందే నోటిఫై అయిన పోస్టుల్లో, ఆలస్యంగా చేరినవారికి పాత పింఛనును ఎంచుకునే అవకాశాన్ని 2023 మార్చి 3న కేంద్రమే కల్పించింది. అదే తర్కం తెలుగు రాష్ట్రాల 2003 డీఎస్సీ ఉపాధ్యాయులకు ఎందుకు వర్తించరాదు? నోటిఫికేషన్ నాటికి ఉన్న నిబంధనలను నమ్మి పరీక్ష రాసినవారికి ఆ నిబంధనల ఫలితం దక్కాలి. ఇందులో సిద్ధాంత చర్చకు తావు లేదు; కావలసినది ఒక ఉత్తర్వు.

సీపీఎస్‌పై రాజకీయ పక్షాల ప్రవర్తనను గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. 2019 ఎన్నికలకు ముందు వైఎస్ జగన్‌మోహన్ రెడ్డి అధికారంలోకి వచ్చిన వారంలో దీన్ని రద్దు చేస్తామన్నారు. చివరికి 2023లో తెచ్చినది హామీ పింఛను చట్టం, జీపీఎస్. పాత పింఛను వాగ్దానంతో 2022 చివర హిమాచల్‌లో కాంగ్రెస్ గెలిచింది, అమలు చేసింది. అదే విధానాన్ని ముందే ప్రకటించిన రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో 2023లో ఓడిపోయింది. పింఛను ఒక్కటే గెలిపించదు, పింఛను ఒక్కటే ఓడించదు అన్న పాఠాన్ని పార్టీలు నేర్చుకున్నాయి. పాత పద్ధతికి మళ్లిన రాష్ట్రాలు ఉద్యోగుల పేర జమ అయిన నిధిని తిరిగి ఇమ్మంటే, చట్టంలో అందుకు వీలు లేదని కేంద్రం చెప్పింది. తరువాత 2024 ఆగస్టులో ఏకీకృత పింఛను పథకానికి ఆమోదం తెలిపింది. పాతికేళ్ల సేవ ఉంటే చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం హామీ. పదేళ్లు నిండితే కనీసం పదివేలు. మార్కెట్ మీద వదిలేసిన పింఛనుకు హామీ అవసరమని, ఇరవయ్యేళ్ల తరువాత, కేంద్రమే ఒప్పుకున్నట్లయింది.

రాష్ట్రాల ఖజానా స్థితిని విస్మరించి మాట్లాడడం బాధ్యతారాహిత్యమే అవుతుంది. పాత పింఛనుకు మళ్లితే భవిష్యత్తులో భారం పేరుకుపోతుందన్న రిజర్వుబ్యాంకు హెచ్చరికలో నిజం ఉన్నది. జీతాలు, పింఛన్లు, వడ్డీలకు పోగా బడులు కట్టడానికి మిగలకపోతే నష్టపోయేది పేదపిల్లలే. అందుచేత ‘అందరికీ పాత పింఛను’ అన్న నినాదం ఒక్కటే జవాబు అని నేను అనుకోవడం లేదు. అయితే భారం పంచుకోవలసి వచ్చినప్పుడు ఎవరి వాటా ముందు కోస్తున్నామన్నది ఆర్థికశాస్త్రం తేల్చే విషయం కాదు. అది రాజకీయ నిర్ణయం. 2020 మార్చిలో కొవిడ్ వచ్చినప్పుడు రెండు తెలుగు ప్రభుత్వాలూ పింఛన్లలో సగం ఆపాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి కోర్టుకు వెళ్తే హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమన్నది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించినా, ఆలస్యానికి వడ్డీ బాకీయేనన్న సూత్రాన్ని నిలబెట్టింది.

ఆ సూత్రం తెలంగాణకు ఇప్పుడు మరీ అవసరం. అక్కడ 2021లో విరమణ వయసును 58 నుంచి 61కి పెంచారు. దాంతో వయోపరిమితి విరమణలు మూడేళ్లపాటు ఆగి, 2024 మార్చి నుంచి ఒక్కసారిగా మొదలయ్యాయి. మూడేళ్ల వ్యవధి దొరికినా ఖజానాను అందుకు సిద్ధం చేయలేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల నగదు కోసం విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. విరమణ తేదీ సేవాపుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. ముప్పయ్యేళ్ల ముందే తెలిసిన బాకీని ‘అనుకోని భారం’ అనడం ఏ లెక్కల పద్ధతి?

పింఛను కాగితం మీది హక్కు అయితే, వైద్యం ఆ హక్కుకు రోజూ ఎదురయ్యే పరీక్ష. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో, 2013లో, ఉద్యోగులకూ పింఛనుదారులకూ నగదురహిత ఆరోగ్య పథకం మొదలైంది. నెలనెలా చందా కోత పడుతుంది, కార్డు ఉంటుంది. కాని నెట్‌వర్క్ ఆసుపత్రులకు ప్రభుత్వ బకాయిలు పేరుకున్నప్పుడల్లా ఆ కార్డు విలువ పడిపోతుంది. ముందు చేతి డబ్బు కట్టి, తరువాత రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు పెట్టి, ప్యాకేజీ ధరల ప్రకారం కోతపడిన మొత్తం కోసం నెలలు ఎదురుచూడాలి. డెబ్బయ్యేళ్ల మనిషికి బిల్లులు, ధ్రువపత్రాలు, డిశ్చార్జి సమ్మరీలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగడమే మరో జబ్బు.

70 ఏళ్లు నిండిన అందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రక్షణను 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించింది. ప్రైవేటు పంతుళ్లకు ఇది నిజమైన ఊరట. కాని ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం. వృద్ధుల జేబును నెలనెలా ఖాళీ చేసేవి మధుమేహం, రక్తపోటు మాత్రలు, పరీక్షలు, కళ్లద్దాలు, పళ్లు. వాటికి ఇందులో చోటు లేదు. పైగా 58కి బడి విడిచిన ప్రైవేటు ఉపాధ్యాయుడు 70 వచ్చేదాకా పన్నెండేళ్లు ఏ నీడన నిలబడాలి? కేరళ 2022 జులైలో మెడిసెప్ ప్రారంభించి, నెలకు 500 రూపాయల ప్రీమియంతో పింఛనుదారులనూ కలిపి బీమా కల్పించింది. కాని అదీ ప్రభుత్వ పింఛనుదారుల వరకే.

సంఘటిత శక్తి విషయానికి వద్దాం. ఉపాధ్యాయ సంఘాల బలం రాజకీయంగా ఎక్కడి నుంచి వస్తున్నది? శాసనమండలి ఉన్న ఆరు రాష్ట్రాల్లో, మన రెండూ సహా, పన్నెండోవంతు స్థానాలను ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. అయితే గడచిన ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధనలో ఉన్నవారికే ఆ ఓటు. అంటే రిటైరైన మూడేళ్లకు ఉపాధ్యాయుడి పేరు ఆ జాబితా నుంచి తొలగిపోతుంది. ముప్పయ్యేళ్లు పోలింగు కేంద్రాలు నడిపిన మనిషి, తన వృత్తికి ప్రత్యేకించిన ఓటుకు పరాయివాడవుతాడు. అభ్యర్థుల కరపత్రాల్లో పీఆర్సీ, బదిలీలు, పదోన్నతులు ముందు వరుసలో ఉండి, విశ్రాంతుల వైద్యం చివరి పంక్తికి జారిపోవడానికి ఇదొక కారణం.

సంఘాలు ఆత్మపరిశీలన చేసుకోవలసినదీ ఇక్కడే. పాత పింఛనుదారుల సంఘం ఒకటి, సీపీఎస్ సంఘం మరొకటి, ఈపీఎస్ పోరాటం ఇంకొకటి. ఎవరి ధర్నా వారిది. ఈ విభజన ప్రభుత్వాలకు ఎంత సౌకర్యమో 2025 ఆర్థిక చట్టం చూపింది. పింఛనుదారుల మధ్య విరమణ తేదీని బట్టి భేదం చూపే అధికారం కేంద్రానికి ఉన్నదని, 1972 జూన్ నుంచే ఉన్నట్లుగా, అందులో రాసుకున్నారు. ఇప్పటి ప్రయోజనాలకు ఢోకా లేదని ఆర్థికమంత్రి చెప్పారు. కావచ్చు. కాని నకారా తీర్పు చెరిపిన గీతను గీసే కలం మళ్లీ ప్రభుత్వం చేతికి వెళ్లింది. అది రేపు ఎవరిమీద గీత గీస్తుందో ఏ సంఘానికీ తెలియదు.

అడగవలసినవి అసాధ్యాలేమీ కావు. ఈపీఎస్ కనీస పింఛనును ధరల సూచీకి ముడిపెట్టాలి. విరమణ బాకీలకు చట్టబద్ధమైన గడువు, గడువు దాటితే అడగకుండానే వడ్డీ ఉండాలి. 2003 డీఎస్సీవారికి కేంద్రం ఇచ్చిన ఎంపికే ఇవ్వాలి. ఆరోగ్య చందా, ప్రభుత్వ వాటా రెండూ నెలనెలా ట్రస్టు ఖాతాకే చేరాలి. నెలవారీ మందులు పథకంలోకి రావాలి. ప్రైవేటు బడుల విశ్రాంతులు చందా కట్టి చేరే వీలుండాలి.

‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత పుట్టిన కాలానికి పింఛను లేదు. తరువాత వచ్చిన పింఛనే ఆ సామెతను చాలామటుకు అబద్ధం చేసింది. పల్లెల్లో పంతులు ఉద్యోగానికి గౌరవం తెచ్చింది. పేదింటి పిల్లలను ఆ వృత్తి వైపు నడిపించింది. ఆ భద్రతను తేదీల వారీగా, తలుపుల వారీగా వెనక్కి తీసుకుంటే సామెత మళ్లీ నిజమవుతుంది. అప్పుడు బడిలో మిగిలేది ఇంకెక్కడా ఉద్యోగం దొరకనివారే. ఆ నష్టం పింఛను పద్దులో కనిపించదు, తరగతి గదిలో కనిపిస్తుంది.